కొండాపూర్ డేకేర్: ఎవరి దారి మారింది, ఎవరి సెలవు ఖర్చయింది

మా పాప ఏడాదికి పైగా వెళ్తున్న డేకేర్ హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా, వీధి చివర ఉన్న రెండంతస్తుల ఇంట్లో నడుస్తోంది. ఏడాది నిండిన పిల్లల నుంచి ఐదేళ్ల వారి వరకు చేర్చుకుంటారు, ఉదయం ఎనిమిదింటికి తెరిచి సాయంత్రం ఏడింటికి మూస్తారు, ఆదివారాలు సెలవు. మేం మియాపూర్‌లో ఉంటాం. నా ఆఫీసు మాదాపూర్‌లో, మావారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, ఆ ఫిర్యాదుల్లో చాలావరకు ఈ ఒక్క చోటికే చెందినవి కావు. డేకేర్‌ను నేను ప్రధానంగా ఒకే దృష్టితో చూశాను: దీనివల్ల ఉద్యోగంలో నా హాజరు, మావారి హాజరు ఒకే తీరుగా నిలబడుతున్నాయా, లేక పిల్ల బాధ్యతంతా మళ్లీ నా దారి మీద, నా సెలవుల మీదే వచ్చి పడుతోందా అన్నది.

ముందు చోటు గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతా విషయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఇంతకు ముందు పాపను పంపిన డేకేర్ మాదాపూర్‌లో మా ఆఫీసుకు రెండు వీధుల అవతల ఉండేది. తల్లి ఆఫీసు పక్కనే డేకేర్ ఉంటే మంచిదని అందరూ చెప్పారు, మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కూడా. అయితే అలా ఉన్నందువల్ల దింపడం, తీసుకురావడం, మందు మరిచిపోతే వెళ్లి ఇచ్చి రావడం, అన్నీ వేరే ఆలోచన లేకుండా నా పనులైపోయాయి. మావారు చేయనని ఏనాడూ అనలేదు. నానక్‌రామ్‌గూడ నుంచి సాయంత్రం మాదాపూర్ వచ్చి, అక్కడి నుంచి మియాపూర్ వెళ్లమనడం ఎవరికీ సబబుగా అనిపించలేదు, అంతే. డేకేర్ ఎక్కడ పెట్టుకున్నామన్న దాన్ని బట్టే ఇంట్లో పని పంపకం తేలిపోతుందని, ఎవరూ కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం కాకుండానే తేలిపోతుందని అప్పుడే నాకు అర్థమైంది.

కొండాపూర్ ఇద్దరి దారిలోనూ పడుతుంది. ఉదయం మావారి కారులో ముగ్గురం బయల్దేరి హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దిగి వస్తాం. పాపను ఆయన లోపలికి తీసుకెళ్లి దింపి, సంతకం పెట్టి తమ ఆఫీసుకు వెళ్తారు, నేను అక్కడి నుంచి కొత్తగూడ మీదుగా మాదాపూర్‌కు బస్సులోనో షేర్ ఆటోలోనో వెళ్తాను. ఔటర్ రింగ్ రోడ్డు వైపు నుంచి గచ్చిబౌలి కూడలి మీదుగా కొండాపూర్‌కు కట్టిన పి.జనార్దన్‌రెడ్డి ఫ్లైఓవర్‌ను 2025 జూన్‌లో తెరిచాక సాయంత్రం ఆయన వచ్చే దారి కూడా నేరుగా ఇక్కడికే దిగుతోంది. అందువల్ల వారంలో కొన్ని సాయంత్రాలు ఆయనవి, కొన్ని నావి అని పంచుకోగలిగాం. వంతెన కట్టినవారు మా ఇంటి పనుల పంపకం గురించి ఆలోచించి ఉండరు గానీ, ఆ పంపకం మారడానికి అది కూడా ఒక కారణం. డేకేర్ వెతికేవారు గూగుల్ మ్యాపులో తల్లి ఆఫీసుకు ఎంత దూరమో చూడడంతో సరిపెట్టుకోకుండా, తండ్రి ఇంటికి వచ్చే దారిలో అది ఎక్కడ తగులుతుందో కూడా చూడాలని నేను గట్టిగా చెబుతాను.

పాప పుట్టక ముందు నేను మెట్రోలో వెళ్లేదాన్ని. మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకు 2017 నవంబరులో, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు 2019 మార్చిలో మెట్రో మొదలైంది. అమీర్‌పేటలో రైలు మారాల్సి వచ్చినా సమయం కచ్చితంగా తెలిసేది, మహిళల బోగీ ఉండేది, ఫలానా వేళకు ఆఫీసులో ఉంటానని ముందే చెప్పగలిగేదాన్ని. కొండాపూర్‌కు మెట్రో లేదు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి నేరుగా వెళ్లేవారికి ఆ రైలు ఎంత ఉపయోగమో, మధ్యలో పిల్లను దింపాల్సిన, మందుల షాపులో ఆగాల్సిన, కూరగాయలు తెచ్చుకోవాల్సిన మనిషికి అంత తక్కువ ఉపయోగం. ఇలా మధ్యలో ఆగుతూ సాగే ప్రయాణాలు మగవారి కంటే ఆడవారివే ఎక్కువని పట్టణ రవాణా మీద పనిచేసేవారు చాలా దేశాల్లో గమనించారు. బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ పరిశోధకులు ఇంకో విషయం చూపించారు: మొదటి బిడ్డ పుట్టాక ఉద్యోగానికి వెళ్లే ప్రయాణ సమయంలో ఆడ, మగ మధ్య తేడా పెరగడం మొదలై దాదాపు పదేళ్ల పాటు పెరుగుతూ పోతుంది, అంటే తల్లులు ఇంటికి దగ్గరి ఉద్యోగాలకు మారుతూ పోతారు. దగ్గరలో దొరికే ఉద్యోగాలు తక్కువ కాబట్టి జీతం, హోదా కూడా ఆ మేరకు కుదించుకుపోతాయి. మా స్నేహితురాళ్లలోనూ కోకాపేటలో మంచి ఉద్యోగం వచ్చినా స్కూల్ బస్సు వేళకు ఇంటికి చేరలేమని వదులుకున్నవారు ఉన్నారు. వారి భర్తల్లో ఎవరికీ ఆ లెక్క వేసుకునే అవసరం రాలేదు.

ఇక వేళల గురించి. సాయంత్రం ఏడింటి వరకు ఉంచుకోవడం ఈ ప్రాంతంలో మంచి సదుపాయమే. ఆరింటికే మూసేవి చాలా ఉన్నాయి. ఏడు దాటితే ప్రతి అరగంటకు అదనపు రుసుము వేస్తారు, దాని మీద నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ సమయంలో అక్కడ ఉండే ఆయమ్మ కూడా ఇంటికి వెళ్లాల్సిన మనిషే. నా అభ్యంతరం ఇంకొకటి. అదనపు రుసుము గురించి మెసేజ్ వచ్చేది నాకు, ఆలస్యం చేసింది ఎవరైనా సరే. మావారు ట్రాఫిక్‌లో చిక్కుకున్న సాయంత్రం కూడా "మేడమ్, ఇంకా రాలేదు" అని నాకే ఫోన్ వచ్చింది. సాయంత్రం మీటింగ్ మధ్యలో ఫోన్ తీసుకుని, ఆయనకు ఫోన్ చేసి, మళ్లీ డేకేర్‌కు ఫోన్ చేసి చెప్పే సరికి, ఆ రోజు పాపను తెచ్చే పని ఆయనదే అయినా దాన్ని మోసింది నేనే అయ్యాను.

ఈ ఫోన్ విషయంలోనే ఈ డేకేర్ చేసిన ఒక మంచి పని గురించి వివరంగా చెప్పాలి. పాత డేకేర్ అడ్మిషన్ ఫారంలో మొదటి గడి తల్లి మొబైల్ నంబరు, దాని పక్కన "అత్యవసరంలో" అని రాసి ఉండేది. తండ్రి వివరాలు రెండో పేజీలో, ఉద్యోగం, ఫీజు చెల్లింపు అన్న శీర్షిక కింద ఉండేవి. ఇక్కడి ఫారంలో "ముందు ఫోన్ చేయవలసినవారు", "వారు ఎత్తకపోతే ఫోన్ చేయవలసినవారు" అని రెండు గడులే ఉన్నాయి, ఎవరి పేరు ఎక్కడ రాయాలో మన ఇష్టం. అంతకంటే మంచిది ఏమిటంటే, ఆఫీసు గది బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టరు ఉంటుంది. అందులో ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఆ వారం ముందు ఎవరికి చేయాలన్నది పెన్సిల్‌తో రాస్తారు, సోమవారం దింపేటప్పుడు మారిస్తే చెరిపి రాస్తారు. మా పేరు ఎదురుగా ఆయన నంబరు రాసి ఉన్న వారాల్లో నాకు ఫోన్లు తగ్గిన మాట నిజం. అయినా పూర్తిగా పోలేదు, ఎందుకంటే రిజిస్టరు చూసి ఫోన్ చేసేది నిర్వాహకురాలు మాత్రమే, ఆవిడ లేనప్పుడు ఆయమ్మలు అలవాటు కొద్దీ తల్లికే చేస్తారు. "సారుకు చేస్తే ఏమనుకుంటారో అని" అని ఒక ఆయమ్మ నాతో అన్నది. ఆవిడను తప్పు పట్టలేను. తండ్రులకు ఫోన్ చేయడం మర్యాద కాదన్న భయం ఆవిడ ఒక్కతిదే కాదు, దాన్ని పోగొట్టే బాధ్యత యాజమాన్యానిది. ఆయమ్మల ముందే తండ్రులకు నాలుగుసార్లు ఫోన్ చేసి చూపిస్తే చాలు.

ఒక్క ఫోన్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకని అడిగేవారికి చెప్పేదేమిటంటే, ఉద్యోగంలో మనకు లభించే విలువ చాలావరకు పిలిచిన వేళకు అందుబాటులో ఉండడాన్ని బట్టి ఉంటుంది. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ చేసిన పరిశోధనల్లో ముఖ్యమైన ఒక భాగం దీని గురించే. కొన్ని వృత్తుల్లో ఎక్కువ గంటలు, ఏ వేళకైనా దొరికే గంటలు ఇచ్చినవారికి గంటకు వచ్చే ఆదాయమే పెరిగిపోతుంది కాబట్టి, పిల్లలున్న దంపతుల్లో ఒకరు ఆఫీసుకు ఎప్పుడూ అందుబాటులో ఉంటే ఇంకొకరు ఇంటికి ఎప్పుడూ అందుబాటులో ఉండాల్సి వస్తుందని, ఆ ఇంకొకరు ఎక్కువ ఇళ్లలో తల్లే అవుతుందని ఆమె వివరించారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజు వారంలో పనిచేసిన ఎవరికైనా ఇది పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. మీటింగ్‌లో ఫోన్ మోగి లేచి వెళ్లిన మనిషి ఎవరన్నది మేనేజరుకు గుర్తుంటుంది, ఏడాది చివర రేటింగులు వేసేటప్పుడు అది మాటల్లోకి రాకపోయినా లెక్కలోకి వస్తుంది.

తరువాతది జ్వరం. ఇక్కడి నియమం స్పష్టంగా ఉంది: ఒళ్లు వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటలోపు వచ్చి తీసుకెళ్లాలి, జ్వరం మందు వేయకుండానే ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకుండా ఉంటేనే మళ్లీ పంపాలి. నోట్లో, చేతుల మీద, పాదాల మీద పొక్కులు వచ్చే వ్యాధి వానాకాలంలో తిరిగినప్పుడు, కళ్లకలక వచ్చినప్పుడు డాక్టరు చీటీ కావాలంటారు. మిగతా పిల్లల కోసం ఈ నియమం అవసరమే, దాన్ని ఖచ్చితంగా అమలు చేస్తున్నందుకు ఈ డేకేర్ మీద నాకు గౌరవం ఉంది. కాని దీని అర్థం ఏమిటంటే, చిన్న జ్వరమైనా కనీసం రెండు పనిదినాలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. డేకేర్‌లో చేరిన మొదటి ఏడాది పిల్లలకు జలుబు, దగ్గు తరచుగా వస్తాయి. అప్పుడు ఎవరు ఉండాలన్నది రాత్రి పదకొండింటికి థర్మామీటర్ చూశాక తేల్చుకోవాల్సి వస్తుంది, ఆ వేళలో చర్చ జరగదు, అలవాటే గెలుస్తుంది.

ఆ అలవాటు ఎంత బలమైనదో జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే చూపించింది. పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ల వయసువారిలో ఇంట్లోవారి సంరక్షణ పనుల్లో పాల్గొన్న ఆడవారు 41 శాతం, మగవారు 21.4 శాతం, పాల్గొన్నవారిలోనూ ఆడవారు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవారు 74 నిమిషాలు వెచ్చించారు. జీతం లేని ఇంటి పనులు చేసినవారిలో ఆడవారు రోజుకు సుమారు 289 నిమిషాలు పెడితే మగవారు 88 నిమిషాలు పెట్టారు. ఉద్యోగం చేసే ఆడవారు ఎక్కువ సెలవులు పెడతారని ఆఫీసుల్లో అనే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. సెలవు చీటీ మీద ఆమె పేరు ఉంటుంది గానీ, ఆ సెలవు ఇంట్లో అందరి తరఫున తీసుకున్నది. పిల్ల జ్వరానికి తండ్రి హాజరు పట్టీలో ఒక్క గీత కూడా పడకపోవడానికి కారణం తల్లి హాజరు పట్టీలో పడిన గీతలే.

చట్టాలు కూడా ఈ పద్ధతికే అలవాటు పడ్డాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులు ఉంది. మగ ఉద్యోగుల్లో అది ఒంటరి తండ్రులకు మాత్రమే వర్తిస్తుంది, మిగతా తండ్రులకు బిడ్డ పుట్టినప్పుడు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. తెలంగాణలో మహిళా ఉద్యోగులకు 90 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 180 రోజుల పిల్లల సంరక్షణ సెలవు ఇస్తున్నారు. ఇవి కష్టపడి సాధించుకున్న హక్కులు, ఒక్క రోజు కూడా తగ్గకూడదు. కాని భార్య ఉద్యోగి అయిన ఇంట్లో తండ్రికి అలాంటి సెలవే లేనప్పుడు జ్వరం వచ్చిన ప్రతిసారీ "నీకు సెలవుంది కదా" అన్న మాటే వినిపిస్తుంది. ప్రైవేటు ఉద్యోగుల్లో తండ్రులకు సెలవు ఇవ్వాలన్న చట్టమే లేదు. స్వీడన్‌లో పిల్లకు ఒంట్లో బాగోలేనప్పుడు తల్లిదండ్రుల్లో ఎవరైనా పని మానుకుని బీమా నుంచి జీతంలో అధిక భాగం పొందే ఏర్పాటు ఉంది. అక్కడ కూడా ఆ రోజుల్లో సగానికి మించి తల్లులే వాడుకుంటున్నారు, అయినా తండ్రుల వాటా చిన్నది కాదు. సెలవు ఇద్దరికీ ఇస్తే ఇద్దరూ వాడుకునే అవకాశమైనా ఉంటుంది.

డేకేర్ గురించి చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఆఫీసులో దీని మీద చాలామందికి స్పష్టత లేదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ముప్పై మందికి మించి మహిళా కార్మికులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాల్సి ఉండేది. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం యాభై మందికి మించి మహిళలున్న చోట అదే చెప్పింది. ఆడవారి సంఖ్యను బట్టి ఖర్చు పెరిగేలా నియమం పెడితే, ఆ సంఖ్య దాటకుండా చూసుకోవాలన్న ఆలోచన యజమానికి రాకుండా ఎలా ఉంటుంది? ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో తెచ్చిన సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది: యాభై, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, ఉద్యోగులు ఆడవారా మగవారా అన్న తేడా చూడకుండా లెక్క వేసింది. నా దృష్టిలో 26 వారాల ప్రసూతి సెలవు కంటే ఇది తక్కువ మార్పు కాదు. కాని అదే సవరణలో రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి వచ్చే అనుమతి తల్లికి మాత్రమే రాశారు. చాలా కంపెనీలు కూడా డేకేర్‌తో ఒప్పందం చేసుకుని రాయితీని మహిళా ఉద్యోగులకే ఇస్తున్నాయి. మా ఆఫీసు ఒప్పందం ఉన్న కేంద్రంలో చేర్చితే ఫీజు తగ్గేది. అది మళ్లీ మాదాపూర్‌లోనే ఉంది కాబట్టి, తగ్గే డబ్బు కంటే ఇద్దరి దారిలో ఉండడమే మేలని కొండాపూర్‌నే ఎంచుకున్నాం. ఇక్కడి నెల ఫీజు మా ఇంటి అద్దెలో దాదాపు సగం. అది నా జీతంలోంచే పోవాలని, "పిల్లను వదిలి ఉద్యోగానికి వెళ్తోంది కాబట్టి" ఆ ఖర్చు నాదేనని మాట్లాడే బంధువులు ఉన్నారు. ఫీజు ఇద్దరి జీతాల్లోంచి వెళ్లాలి, ఎందుకంటే డేకేర్ వల్ల ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లగలుగుతున్నారు.

ఆయమ్మల గురించి రాయకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్ల లోపు పిల్లలకు ప్రతి పది మందికి ఒక సంరక్షకురాలు ఉండాలంటాయి. ఇక్కడ అంతకంటే మెరుగ్గానే ఉన్నారు. మా పాపను చూసుకునే ఆయమ్మ లింగంపల్లి అవతలి నుంచి వస్తారు. అన్నం తినిపించేటప్పుడు తొందరపెట్టరు. పప్పన్నం వద్దని పాప నోరు మూసుకుంటే గిన్నె పక్కన పెట్టి, కాసేపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మళ్లీ పెరుగన్నంతో మొదలుపెడతారు. నిద్రపుచ్చేటప్పుడు వీపు మీద చేయి వేసి ఉంచడం, పాప కుడివైపు తిరిగితేనే పడుకుంటుందని తెలిసి ఉండడం, ఇవి ఏ శిక్షణ సర్టిఫికెట్‌లోనూ కనిపించవు.

ఆవిడ ఇక్కడ పనిచేయగలగడానికి బస్సు ఒక కారణం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలు జీరో టికెట్‌తో, అంటే ఉచితంగా వెళ్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటిదే వచ్చింది. అంతకు ముందు ఆవిడ నడిచి వెళ్లగలిగినంత దూరంలోని ఇళ్లలోనే అంట్లు తోమే పని చేసేవారు, ఎందుకంటే రానుపోను చార్జీలకే జీతంలో చెప్పుకోదగ్గ భాగం పోయేది. ఉచిత ప్రయాణాన్ని దండగ ఖర్చు అనేవారు, ఒక మనిషి ఎంత దూరం వెళ్లి పని వెతుక్కోగలదన్న దాని మీదే ఆమె కూలి ఆధారపడి ఉందన్న విషయాన్ని ఆలోచించాలి. నేను కూడా అదే జీరో టికెట్ మీద మాదాపూర్ వెళ్తున్నాను, కాని నాకది మిగులు, ఆవిడకది ఉద్యోగం.

ఇక్కడే ఈ డేకేర్ మీద నా అతి పెద్ద ఫిర్యాదు ఉంది. ఆయమ్మల పిల్లలకు జ్వరం వస్తే వారికి జీతంతో సెలవు లేదు; రాని రోజు జీతం కోస్తారు. అందువల్ల ఒంట్లో బాగోలేని కొడుకును పక్కింటివారికో, బడి మాన్పించిన పెద్ద కూతురికో అప్పగించి వస్తారు. జ్వరం ఉన్న మా పిల్లను ఇరవై నాలుగు గంటలు ఇంట్లో ఉంచమని ఖచ్చితంగా చెప్పే సంస్థ, అదే జ్వరం ఉన్న పిల్లవాడి తల్లిని పనిలోకి రప్పించుకోవడం న్యాయం కాదు. పైగా నా హాజరు ఆవిడ హాజరు మీద నిలబడి ఉంది. ఆవిడ రాని రోజు రెండు గదుల పిల్లలను ఒకే గదిలో కలుపుతారు, అందరు తల్లులకూ ఆ రోజు గుబులుగానే గడుస్తుంది. నెలకు ఒకటి రెండు రోజులు జీతంతో సెలవు ఇచ్చి, బదులు మనిషిని పెట్టుకుంటే అయ్యే ఖర్చు తల్లిదండ్రులందరి మీద పంచితే ఎంతో కాదు. ఫీజు ఆ మేరకు పెంచినా ఇవ్వడానికి సిద్ధమని మేం కొందరం యాజమాన్యానికి రాసి ఇచ్చాం. ఆలోచిస్తామన్నారు.

సెలవుల పట్టిక కూడా మారాలి. బోనాలకు, సంక్రాంతికి మూడు రోజులు, దసరాకు దాదాపు వారం, సంస్థ వార్షికోత్సవం మరుసటి రోజు, ఇలా మూసే రోజుల్లో చాలా వాటికి ఐటీ ఆఫీసులు తెరిచే ఉంటాయి. పట్టిక ముందే ఇస్తే అమ్మమ్మనో నాయనమ్మనో పిలిపించుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇక్కడ నెలాఖరున ఇస్తారు. తల్లిదండ్రుల సమావేశాలు పనిరోజు మధ్యాహ్నం మూడింటికి పెడతారు, దానికి వచ్చేవారంతా తల్లులే. వాట్సాప్ గ్రూపు పేరు కూడా "అమ్మలు" అనే ఉండేది. మావారిని, ఇంకో ఇద్దరు తండ్రులను చేర్చమని అడిగాక పేరు మార్చారు. అప్పటి నుంచి "రేపు ఆకుపచ్చ బట్టలు వేసి పంపండి" అన్న మెసేజ్ ఆయనకూ వెళ్తోంది, పాప ఆకుపచ్చ గౌను ఏ అరలో ఉందో ఆయనకూ తెలుసు.

మిగతావి క్లుప్తంగా. ఉదయం టిఫిన్ మనం పంపాలి, మధ్యాహ్న భోజనం వారిదే. రుచి సాదాగా, కారం తక్కువగా, శుభ్రంగా ఉంటుంది. కెమెరా దృశ్యాలు ఫోన్‌లో చూపించరు, అడిగితే ఆఫీసు గదిలో చూపిస్తారు; నాకు అది చాలు, ఆయమ్మలను రోజంతా ఎవరో ఒకరు ఫోన్‌లో కనిపెట్టి ఉండడం నాకు నచ్చదు. పెరడు చిన్నది, వానాకాలంలో పిల్లలు బయటికి వెళ్లే రోజులు తక్కువ. బాత్రూములు పిల్లల ఎత్తుకు తగ్గట్టు కట్టారు. మందులు డాక్టరు చీటీ ఉంటేనే వేస్తారు, వేసిన వేళ రాసి పెడతారు.

ఇద్దరూ ఉద్యోగం చేసే మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట వైపు వారికి, ఒకరి ఆఫీసు మాదాపూర్ వైపు, ఇంకొకరిది గచ్చిబౌలి వైపు ఉంటే ఈ ప్రాంతంలోని డేకేర్లు చూడమని చెబుతాను. రాత్రి షిఫ్టులు చేసేవారికి ఇది సరిపోదు. ఒంటరి తల్లులకు ఏడింటి గడువు కష్టమవుతుంది. ముందుగా చెబితే నిర్వాహకురాలు ఎనిమిది వరకు ఉంచుకున్న సందర్భాలు ఉన్నాయి గానీ, అది నియమం కాదు, ఆవిడ మంచితనం. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆయమ్మలకు జీతంతో సెలవు మొదలుపెట్టిన రోజున మిగిలిన ఒకటీ ఇస్తాను. చేర్చే ముందు ఫారం మొత్తం ఇద్దరూ కూర్చుని చదవండి, "ముందు ఫోన్ చేయవలసినవారు" అన్న గడిలో ఎవరి నంబరు రాయాలో అక్కడే మాట్లాడుకోండి, ఏడాది సెలవుల పట్టిక రాతపూర్వకంగా అడగండి. జూన్‌లో చేర్చాలంటే మార్చిలోనే పేరు రాయించుకోవాలి, మూడేళ్ల లోపు పిల్లల గదిలో ఖాళీలు త్వరగా నిండుతాయి.